జోజి రాసిన బోట్లు

ఆ పని మొదలుపెట్టేనాటికి నా చేతిలో ఉన్నవి ఇవి: ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లే రోడ్డు మీద ఒక రంగుల కొట్టు, ఓడరేవు వేలంలో కొని ఇరుక్కుపోయిన నీలం ఎనామిల్ డ్రమ్ములు, జోజి అనే స్నేహితుడు. కొట్టు సంగతి నాకు బాగా తెలుసు. నీలం సంగతి కొన్న వారానికే తెలిసింది. జోజి సంగతి మాత్రం ఇప్పటికీ పూర్తిగా తెలియదు. వాడిని లాభం వైపు రాయాలో నష్టం వైపు రాయాలో తేల్చుకోలేక చాలాసార్లు ఆ గడి ఖాళీగా వదిలేశాను.

ముందు నీలం గురించి చెప్పాలి. ఎవరో తెప్పించుకుని విడిపించుకోకుండా వదిలేసిన సరుకును పోర్టువాళ్లు వేలం వేస్తారు. చవగ్గా వస్తోంది కదా అని పాడాను. తీరా మూత తీస్తే అది ఆస్పత్రి గోడకూ పోలీసు వ్యానుకూ మధ్య ఎక్కడో ఉండే నీలం. ఇంటికి వేసుకోరు, తలుపుకి వేసుకోరు. ఉప్పుగాలికి చెక్కుచెదరని రంగే. కాని మంచిదని సరుకు అమ్ముడుపోదు, నచ్చితేనే పోతుంది.

జోజిది జ్ఞానాపురం. బడిలో నా పక్కన కూర్చున్నవాడు. బొంబాయిలో అచ్చుకు సీసపు అక్షరాలు పోతపోసే ఫౌండ్రీలో చాలా ఏళ్లు పనిచేశాడు. పోతకు ముందు అక్షరం ఎలా ఉండాలో గీసి ఇవ్వడం వాడి పని. చివర్లో పత్రికల పెద్ద శీర్షికలకు పనికొచ్చేలా ఒక కొత్త వరస అక్షరాలు సొంతంగా గీశాడు. మేనేజరు చూసి, "కాగితం మీద అన్నీ బాగానే ఉంటాయి. జనం మధ్యలో నిలబెట్టు. దూరం నుంచి చూసి గుర్తుపడుతున్నారని ఫొటోలు తెచ్చి చూపించు. అప్పుడు పోత పోయిద్దాం" అన్నాడట. వాడు ఆ మాట పట్టుకుని, బొమ్మలు చుట్ట చుట్టుకుని, సెలవు పెట్టి వైజాగ్ వచ్చేశాడు. సెలవు అయిపోయింది. నిలబెట్టే చోటు దొరకలేదు.

వాడితో బజారుకు వెళితే పని జరగదు. ప్రతి బోర్డు దగ్గరా ఆగుతాడు. అగ్గిపెట్టె వెనక్కీ ముందుకీ తిప్పి చూస్తాడు. పాత సమాధుల మీద పేర్లు వేలితో తడుముతాడు. ఉక్కు కర్మాగారం వస్తుందని గాజువాక వైపు పాతిన బోర్డు చూడ్డానికి బస్సు మధ్యలో దిగిపోయాడు. ఒకసారి నేను సింహాచలం వెళుతుంటే నాతో వచ్చాడు. స్టాండులో బస్సు నుదుటి మీది పేరు చూస్తూ నిలబడిపోయాడు. బస్సు వెళ్లిపోయింది.

"ఏటి బావా ఆ సూపు?" అన్నాను చిరాగ్గా.

"ఆ 'చ' సూడు బావా. తలకట్టు టోపీ పెట్టినట్టు లేదు. జుట్టు మొలిసినట్టుంది."

నేనూ చూశాను. అది 'చ'. అంతకంటే నాకేమీ కనబడలేదు. తర్వాతి బస్సు మీది రాత వాడికి నచ్చలేదు, అందుకని అదీ ఎక్కనివ్వలేదు. హోటలు బోర్డు బాగుందని ఒకచోట ఉడకని ఉప్మా తినిపించాడు. ఉప్మా ఎలా ఉందని అడిగితే, "ఉప్మాకేటి, బానే ఉంది" అన్నాడు. వాడు నిజంగానే తిన్నాడో లేదో నాకు అనుమానం.

అలాంటివాడికి పని చూపించాలన్న ఆలోచన, నీలం వదిలించుకోవాలన్న ఆలోచన ఒకరోజు నా తలలో ఒకటైపోయాయి. మరబోట్లను మరమ్మతుకు గట్టు మీదకి లాగే రోజులవి. బోటు యజమానుల సంఘానికి పెద్ద గురునాథరావు గారు. ఆయన దగ్గరికి వెళ్లి, అన్ని బోట్లకూ ఒకే రంగు, ఒకే రాత వేయిస్తే నేవీవాళ్ల ఓడల్లా ఉంటాయని చెప్పాను. ఆయన మీసం సవరించుకున్నారు.

"నేవీ ఓడల్లా ఉంటాయంటావా ఎల్లారావూ?"

"అంతకంటే బాగుంటాయండి. రాసేవాడు బొంబాయి మనిషి."

"బొంబాయా! మరి తెలుగు వచ్చునేటి?"

ఆ ప్రశ్నకి జోజి నవ్వలేదు. చుట్ట విప్పి తన అక్షరాలు చూపించాడు. గురునాథరావు గారు చాలాసేపు చూసి, "గుండ్రంగా ఉన్నాయి" అన్నారు. బేరం కుదిరింది.

జోజి పని చేసే పద్ధతి నేనెక్కడా చూడలేదు. మామూలు బోర్డు రాసేవాడు బ్రష్షు తీసుకుని రాసేస్తాడు. వీడు ప్రతి అక్షరాన్నీ పెద్ద కాగితం మీద గీసి, గీత పొడుగునా సూదితో చిల్లులు పొడిచి, ఆ కాగితం బోటుకి అంటించి, బొగ్గుపొడి మూటతో తట్టేవాడు. చెక్క మీద చుక్కలు దిగేవి. ఆ చుక్కల్ని కలుపుతూ తెల్లరంగు నింపేవాడు. అందువల్ల ఒక బోటు మీది 'మ' ఇంకో బోటు మీది 'మ' అచ్చు గుద్దినట్టు ఒకటే. పేరు చిన్నదైనా పెద్దదైనా ముక్కు దగ్గరి పలకలో ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒకే నిడివిలో కూర్చాడు. పొద్దస్తమానం ఎండలో ఉన్నా వాడి మొహంలో అలసట కనబడేది కాదు.

బోట్లన్నీ నీళ్లలోకి దింపి జెట్టీ పక్కన వరసగా కట్టిన రోజు నేనూ వెళ్లి చూశాను. నీలం మీద తెల్లగా ఒకే ఎత్తున పేర్లు. నాకు ఏదో అనిపించింది. నా డ్రమ్ములు ఖాళీ అయిన సంతోషమో, మరొకటో తేల్చుకోలేకపోయాను.

"ఆదివారం వేటకెల్లరు కదా. అన్నీ ఇలగే వరసలో ఉంటాయి. స్టూడియో ఆయన్ని రమ్మన్నాను. ఈ ఫొటో ఒక్కటి చాలు బావా, బొంబాయిలో నా అక్షరాలు సీసంలోకి దిగిపోతాయి" అన్నాడు జోజి. వాడు అంత పొడుగు మాట మాట్లాడటం అరుదు.

అది సోమవారం. బుధవారం తెల్లారేసరికి మొదటి వేట తిరిగి వచ్చింది.

మా జెట్టీలో ఒక పద్ధతి ఉంది. చేపలమ్మే ఆడవాళ్లలో ఒక్కొక్కరికి ఒక్కొక్క బోటు వాడుక. బోటు మలుపు తిరిగి జెట్టీని తాకబోతుండగా ఆ బోటు మనిషి తన ఖాళీ బుట్టను అందులోకి విసరాలి. బుట్ట పడిందంటే ఆ బోటు సరుకు ఆమె చేతిమీదే అమ్మాలి. ఇంకొకరు వేలు పెట్టకూడదు. పడిన బుట్టను ఖాళీగా వెనక్కి ఇవ్వడం గంగమ్మకు అపచారం, నింపి తీరాలి.

ఆ తెల్లవారు వెలుగులో ఒకదాని వెనక ఒకటి బోట్లు మలుపు తిరిగాయి. ఆడవాళ్లు బుట్టలెత్తారు. ఎత్తి ఆగిపోయారు. ఎవరో ఒకామె విసిరేసింది. అది చూసి భయపడి మిగతావాళ్లూ విసిరేశారు. సాగరకుమారి అనే బోటు అప్పలమ్మ వాడుక. ఆమె బుట్ట నూకాలమ్మ అనే బోటులో పడింది. నూకాలమ్మ బోటు మీద మొగుణ్ణి పంపిన పైడితల్లి బుట్ట ఎవరి బోటులో పడిందో ఆమెకే తెలియదు.

నేను వెళ్లేసరికి జెట్టీ అంతా కేకలు.

"నా మొగుడు పట్టిన సేపలు నువ్వెలగ అమ్ముతావే?" అంటోంది పైడితల్లి.

"బుట్ట పడ్డాది. గంగమ్మనడుగు, నన్నడక్కు" అంది అప్పలమ్మ, కాని ఆమె గొంతులోనూ ధైర్యం లేదు. తన బోటు చేపలు ఇంకెవరో అమ్ముకుంటున్నారని ఆమెకీ తెలుసు.

తప్పు నా రంగుదే అనుకున్నాను. ముందుగానే అన్నాను: "అన్నీ నీలమే కదా, అలవాటయ్యేదాకా కొంచెం..."

"నీలమైతే ఏటి, నలుపైతే ఏటి?" అప్పలమ్మ నా మీదకి తిరిగింది. "వానాకాలం పోయీసరికి అన్ని బోట్లూ ఒకే మసి రంగు. ఎప్పుడైనా తప్పినామా? రంగు కాదు బాబూ. రాత మార్సీసినారు."

"నీకు సదువొచ్చా అప్పలమ్మా?"

"నాకెందుకు సదువు? నీ మొకం నాను సదివే గుర్తుపడతన్నానా?"

నాకు ఏమీ అర్థం కాలేదు. చదువు లేని మనిషికి అక్షరం మారితే ఏమిటి, మారకపోతే ఏమిటి? జోజి వైపు చూశాను. వాడు ఆమె మొహంలోకి కన్నార్పకుండా చూస్తున్నాడు. దెబ్బ తిన్నాడో, సంబరపడ్డాడో తెలియలేదు.

గురునాథరావు గారు పిలిపించారు. పాత రాతలు తిరిగి రాయమన్నారు, అదీ వెంటనే. ఆదివారం దాకా గడువిమ్మని నేను అడిగాను. ఈలోగా ఒక్కో బోటు ముక్కున ఒక్కో రంగు గుడ్డ కడదామని చెప్పాను. వ్యాపారంలో నాకు తెలిసిన ఉపాయం అదే, సరుకు కలిసిపోతే చీటీ కట్టడం.

"జెండాలేటి బాబూ, ఓట్లొచ్చినాయా?" అని పైడితల్లి నవ్వింది. గురువారం తెల్లారి గుడ్డలన్నీ తడిసి కొయ్యలకు అంటుకుపోయి ఒకే నల్ల ముద్దల్లా వచ్చాయి. బుట్టలు మళ్లీ తప్పాయి. ఈసారి కొంగులు బిగించి జుట్లు పట్టుకున్నారు.

ఆ మధ్యాహ్నం జోజితో గట్టిగా చెప్పాను. "ఎలాగో శనివారం దాకా సర్దుతాను. చదువొచ్చిన ఒక మనిషిని జెట్టీ చివర నిలబెట్టి బోటు పేర్లు చదివి అరవమంటాను. ఆదివారం ఫొటో తీసుకో. ఆ తర్వాత సున్నం పూసినా నీకు బాధ లేదు."

"ఫొటో ఏటని సూపించాల బావా? దూరం నుంచి గుర్తుపడతన్నారనే కదా?"

"అవును."

"పట్టలేదు కదా."

"సదువుకున్నోళ్లు పడతారు. పేపరు సదివేది వాళ్లే."

వాడు జెట్టీ మీద సిమెంటు గచ్చున కూర్చుని సుద్దముక్క తీశాడు. ఆడవాళ్లను ఒక్కొక్కరినే పిలిచాడు. మీ బోటు మీద పాత రాత ఎలా ఉండేదో చెప్పమన్నాడు. ఇక చూడాలి.

"మాది కొంచెం కుంటుకుంటా నడిసీది" అంది ఒకామె.

"ఏ కాలు కుంటమ్మా?"

"అక్షరానికి కాళ్లేటి? సదూకున్నోడివి నువ్వే సెప్పాల."

"మా దాని కొసాకర్న రొయ్య మీసం ఉండీది."

"మీసమేటే, గరిటి! నాను సూడ్లేదేటి?"

"గరిటి నీ అత్త సేతిలో ఉంది."

ఇద్దరు చెప్పింది ఒకటి కాదు. ఒకామె మధ్యాహ్నం చెప్పింది సాయంత్రానికి మారింది. వాడు గీసినదాన్ని "ఇదే, ఇదే" అని చప్పట్లు కొట్టిన మనిషే, పక్కది గీస్తే దాన్నీ "ఇదే" అంది. ఇదంతా వృథా శ్రమని నాకు రూఢి అయిపోయింది. జోజి మాత్రం గీస్తూనే ఉన్నాడు. గచ్చంతా రొయ్య మీసాలు, కుంటి కాళ్లు, పొట్టలు.

శుక్రవారం వాడు బ్రష్షు పట్టాడు. చిల్లుల కాగితం లేదు, బొగ్గుపొడి లేదు. అంత కష్టపడి కూర్చిన తన అక్షరాల మీద నా నీలం పూసి, ఒక్కో బోటుకి ఒక్కో తీరున రాయసాగాడు. ఒకదాని తలకట్టు గాలికి ఎగిరినట్టు, ఇంకొకటి బరువు మోస్తున్నట్టు. పాత రాతలు అవునో కాదో ఎవరికీ తెలియదు. కాని ఒకదానికొకటి పోలిక లేదు. శనివారం తెల్లారి కొత్తగా రాసిన బోట్లలో బుట్టలు తప్పకుండా పడ్డాయి. ఒక్కరోజులో ఎలా గుర్తుపెట్టుకున్నారని అడిగితే అప్పలమ్మ, "నువ్వు నీ కొట్టు తాళం ఎన్నాళ్లలో గుర్తెట్టుకున్నావు?" అంది.

శనివారం సాయంత్రానికి మిగిలింది నూకాలమ్మ ఒక్కటే. జోజి నీలం డబ్బా తీసుకుని వెళ్లేసరికి పైడితల్లి అడ్డం నిలబడింది.

"నాది ముట్టుకోకు."

"అదేటమ్మా? నీ గొడవే కదా అందరికన్నా పెద్దది?"

"అప్పుడన్నీ ఒక్కలాగుండీవి. ఇప్పుడు ఇదొక్కటే ఇలగున్నాది. మూడు బోట్ల దూరం నుంచి నాదని తెల్సిపోతాది. మారిస్తే మల్లీ ఎతుక్కోవాల. పో."

జోజి డబ్బా కింద పెట్టాడు. ఆ బోటు కేసి, ఆమె కేసి చూసి, జెట్టీ అంచున కూర్చుండిపోయాడు. నేనూ పక్కన కూర్చున్నాను. "టీ తాగుదాం లే" అన్నాను.

ఆదివారం స్టూడియో ఆయన వచ్చాడు. తీయాల్సిన వరస లేదు గనక నూకాలమ్మను ఒక్కదాన్నే తీశాడు. ఆ ఫొటో పట్టుకుని జోజి బొంబాయి వెళ్లాడు. రెండు వారాలకు తిరిగి వచ్చాడు. మేనేజరు ఫొటో చూసి మెచ్చుకున్నాడట, ఈ అక్షరాలతో ఒక బోటు నడుస్తుంది గాని పత్రిక నడవదన్నాడట. మిగతా బోట్ల మాట చెబితే, "మరి వాటిలో నీ అక్షరం ఏది?" అని అడిగాడట.

"ఏటన్నావు?" అన్నాను.

"నాకే తెల్దు బావా, ఏటని సెప్పను?"

ఇప్పుడు భీమిలి నుంచి, పూడిమడక నుంచి కూడా బోటు రాయించుకోవడానికి వస్తున్నారు. తమ బోటుకి ఇంకెవరి రాతా కలవకూడదంటారు, ఇంకెవరి రంగూ కలవకూడదంటారు. అందుచేత నా కొట్టులో ఎన్ని రంగులున్నా చాలడం లేదు. నా వైపు లెక్క బాగుంది. జోజి సుఖంగా ఉన్నాడో లేదో మొహం చూసి చెప్పలేను. అడిగితే బ్రష్షు కడుక్కుంటాడు. వాడు ఏళ్లపాటు గీసిన వరస మొత్తంలో సీసంలోకి ఒక్కటీ దిగలేదు. నీళ్ల మీద నిలిచినవి నాలుగు: నూ, కా, ల, మ్మ. వాడి పేరు కింద లాభమని అవే రాశాను.