ఒక అనుమతి కార్డు గుండెదడ

నేను ఒక అనుమతి కార్డును. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ ముక్కను. ఇంగ్లండుకు చదువుకోవడానికి వచ్చిన పరాయి దేశపు పిల్లలు అక్కడ ఉండొచ్చో లేదో చెప్పే అధికారం నాది. పేరుకే అధికారం, పుట్టుకతోనే పిరికిదాన్ని. అచ్చుయంత్రంలోంచి బయటపడకముందే నా వీపు మీద షరతులు అచ్చేశారు. మనుషుల నుదుటిరాత ఎవరికీ కనబడదట, అదృష్టవంతులు!

నన్ను అందుకున్న అమ్మాయి హైమవతి. పార్వతీపురం పిల్ల. లెస్టర్‌లో అకౌంటెన్సీ చదువుతోంది. పేపర్లన్నీ గట్టెక్కి ఒక్కటి మిగిలింది. అది రాస్తే అకౌంటెంటు. రాసేలోగా నేను రద్దయితే చదివినదంతా బూడిదలో పోసిన పన్నీరే. అందుకే నన్ను కోటు లోపలి జేబులో పెట్టి పిన్నీసు గుచ్చేది. పోలీసు కారు కనబడితే చాలు, చెయ్యి జేబు మీదికి వచ్చేది. ఆమె గుండెదడ అందరికంటే ముందు వినేదాన్ని నేనే.

షరతు ఇది: చదువుకుంటూ ఎవరి దగ్గరైనా కొద్ది గంటలు జీతానికి పనిచేయొచ్చు, సొంతంగా మాత్రం ఏ వృత్తీ చేయకూడదు. హైమ తన వైపు నుంచే వచ్చి అక్కడ స్థిరపడ్డ కొండలరావు గారి సరుకుల కొట్టులో కూరగాయలు సర్దేది. గంటలు ఏనాడూ మించనివ్వలేదు.

ఒకనాడు కొండలరావు పన్ను లెక్కల ముందు తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఏటో తల్లీ, నాకేటీ బోధపడ్డం నేదు. ఓపాలి సూసి పెడుదూ."

చూసిపెట్టింది. ఆయన ఊరుకుంటాడా? వీధంతా చాటాడు. సెలూన్ అతను, హోటల్ అతను బిల్లులు సంచుల్లో పట్టుకొచ్చారు. పెద్దవాళ్ళకు కాదనడం ఆమెకు చేతకాలేదు. మనవాళ్ళు ఊరికే చేయించుకునే రకం కూడా కాదు. ఒకరు ఆమె జుట్టు ఉచితంగా కత్తిరించారు, ఒకరు బిరియానీ పంపారు, కొండలరావు భార్య ఆవకాయ జాడీ ఇచ్చింది. డబ్బు కాకపోయినా ప్రతిఫలం ప్రతిఫలమే, అదీ సొంత వృత్తి కిందికే వస్తుందని నేను జేబులో వణికాను. ఏం లాభం, నాకు నోరు లేదు.

ఒక మధ్యాహ్నం వలస శాఖ అధికారులు ఇద్దరు కొట్లోకి వచ్చారు. పనివాళ్ళ కార్డులు చూడాలన్నారు. హైమ పిన్నీసు తీసేసరికి వేలికి గుచ్చుకుంది. అధికారిణి నన్ను తిప్పి చూసింది, గంటలు అడిగింది. అన్నీ సరిపోయాయి. నన్ను తిరిగి ఇవ్వడానికి చెయ్యి చాపింది కూడా.

అప్పుడు కొండలరావు ముందుకొచ్చాడు. పెద్దవాళ్ళు ఇంటికొస్తే మన పిల్లల గొప్ప చెప్పకుండా ఉండగలమా? హైమ భుజం తట్టి, ముఖం వెలిగిపోతుండగా అన్నాడు:

"షీ అవర్ అకౌంటెంట్, మేడమ్! హోల్ స్ట్రీట్ అకౌంట్స్, షీ ఓన్లీ!"

చాచిన చెయ్యి ఆగిపోయింది.

"నిజమేనా?" అని అడిగింది అధికారిణి.

కొండలరావు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. హైమ అవునంది. నిజాయితీగల పిల్ల అని చూసినవాళ్ళు అనుకుని ఉంటారు. నాకు తెలుసు, అది నిజాయితీ కాదు. అబద్ధం అల్లడానికి కూడా ఊపిరాడనంత భయం.

"బదులుగా ఏమైనా తీసుకున్నావా?"

"ఆవకాయ..." అంది హైమ. అధికారిణి ఆ మాట రెండుసార్లు పలికించుకుని మరీ రాసుకుంది.

నన్ను కవరులో వేసి తీసుకుపోయారు. కొన్ని వారాలకు అనుమతి రద్దయింది. హైమను ఆఫీసుకు పిలిచి ఆ కబురు చెప్పి, దేశం విడిచి వెళ్ళమన్నారు. పరీక్ష రాసి వెళ్తానని బతిమాలింది. కుదరదన్నారు. ఆమె ఎదుటే నా మూల కత్తిరించారు. ఆమె తలుపు తీసేసరికి గది బయట బల్ల మీద కొండలరావు కుప్పకూలి ఉన్నాడు.

"నానేటి తప్పన్నాను తల్లీ? మంచే గదా సెప్పినాను!"

"మంచే చెప్పారు బాబాయ్," అంది హైమ. ఆమె నోట నేను విన్న ఆఖరి మాట అదే.

ఇప్పుడు నేనొక సొరుగులో ఉన్నాను. నన్నిక ఎవరూ చూపించమనరు, నా భయం తీరింది. ఆమెదే తీరి ఉండదు. ఎక్కడో ఏదో ఆఫీసులో ఎవరైనా "భలే చేశావమ్మా" అంటే, ఆ పిల్ల నవ్వదు. ఆ మెప్పు ఏ అధికారి చెవినైనా పడిందేమోనని ముందు తలుపు వైపు చూస్తుంది.