సన్యాసమ్మ అప్పకు కెమెరా

నా తోడబుట్టిన అప్ప సన్యాసమ్మ మధ్యాహ్నం అయ్యేసరికి ఖాళీ కేరేజీ పట్టుకుని రేవుకు బయలుదేరుతుంది. అక్కడ బస్తాలు మోసే మా నాయనకు అన్నం ఇవ్వాలంటుంది. నాయన పోయి నలభై ఏళ్ళు దాటింది. పోయిన నెల రేవు రోడ్డులో లారీల మధ్య నిలబడిపోతే, రిక్షా అతనెవరో తెచ్చి ఇంటి దగ్గర దింపాడు. ఈసారి ఎవరూ తేకపోతే?

బర్మాలో మేముండే లత పేటలోనే, మా ఇంటికి రెండు వీధుల అవతల, నాకు ఇడ్లీ బండి ఉంది. అది మానేస్తే ఇద్దరం ఏం తింటాం? నాతో బండికి రమ్మంటే, ఇల్లెవరు చూస్తారంటుంది అప్ప. ఒక రోజు తలుపుకు తాళం వేసి వెళ్ళాను. కిటికీ ఊచలు పట్టుకుని వీధంతా వినేలా ఏడ్చిందట. మళ్ళీ వెయ్యలేదు.

మేడ మీద ధనరాజ్ ఉంటాడు. ఫోన్లు బాగుచేసే కొట్లో పని. అతనే కెమెరా తెచ్చాడు.

“మావా, నువ్వు బండికాడ కూకునే ఫోన్లో పెద్దత్తని సూసుకోవచ్చు. గడప దాటబోతే నువ్వు అక్కడ కేకేస్తే ఇక్కడ ఇనిపిస్తాది. పావుగంట పని.”

ఆదివారం మొత్తం పోయింది.

ఫోన్ తెర మీది గళ్ళ బొమ్మను కెమెరాకు చూపించాడు. దగ్గరగా, దూరంగా, తలకిందులుగా. కెమెరా చైనా మాటలో ఏదో అంది. ఎర్ర దీపం ఆరుతూ వెలుగుతూ కూర్చుంది. వెనకనున్న చిల్లులో పిన్నుతో పొడిచి మొదటికి తెచ్చాడు. మళ్ళీ అదే మాట. ఇంతలో కరెంటు పోయింది. బ్యాటరీ మోసుకొచ్చి తగిలించాడు. మళ్ళీ పొడిచాడు.

“ఏటంతాదిరా అది?” అంది అప్ప.

“కుదర్నేదంతాది పెద్దత్తా.”

“కుదర్నేదన్నదాన్ని అట్టుకుని ఏల పొడుస్తన్నావు?”

రూటరు పాతదన్నాడు. కాసేపటికి కెమెరాయే నకిలీ అన్నాడు. గోడకు మేకు కొట్టబోయి నా స్టూలు కాలు విరిచాడు. నేనేం అనలేదు. అంటే ఇంకో స్టూలు అడుగుతాడు.

సాయంత్రం అతని భార్య జయంతి దిగి వచ్చి చూసింది.

“ఫోన్లో వీపీఎన్ తీసేవా?”

ధనరాజ్ ఫోన్ తీసి చూసుకున్నాడు. ఇక్కడ సర్కారు మూసేసింది కాబట్టి, అది పెట్టుకోకపోతే ఫేస్‌బుక్ తెరుచుకోదు. అందుకని ఎవరి ఫోన్లోనూ ఆపరు, ఉందన్న సంగతే మరిచిపోతారు. అది ఉన్నంతసేపూ మా గదిలో ఉన్న ఫోన్ ఏ సింగపూర్‌లోనో ఉన్నట్టు లెక్కట.

“పక్కనున్న ఫోను ఊరు దాటి పోనాదని ఎతుక్కుంతంది, పాపం. దాన్నేమో నువ్వు పొద్దున్నించీ పొడిసేవు,” అంది జయంతి.

వీపీఎన్ ఆపాడు. నీలం దీపం వెలిగింది. కెమెరాను గోడకెక్కించి, నా ఫోన్లో కూడా కనిపించేలా పెట్టి ఇచ్చాడు. అందులో మా గది, మంచం మీద అప్ప కనిపించారు. “మాటాడు మావా,” అన్నాడు. దగ్గాను.

సోమవారం బండి దగ్గర ఫోన్‌ను సాంబారు గిన్నె పక్కన నిలబెట్టాను. గదిలో ఏది కదిలినా ఊరికే కుయ్యిమంటుంది. చూస్తే కిటికీలో పావురం. మళ్ళీ కుయ్యి. పక్కింటివాళ్ళు ఆరేసిన లుంగీ గాలికి ఊగుతోంది. మళ్ళీ పావురం. చేతులకు పిండి, ఎన్నిసార్లు తుడుచుకోను? ఈ పక్కనుంచి, “ఊలే, చట్నీ!” అని బర్మావాళ్ళ కేకలు. ముసలివాణ్ణని వాళ్ళు నన్ను ఊలే, అంటే బాబాయ్, అని పిలుస్తారు.

మధ్యాహ్నం కుయ్యిమంది. పావురం కాదు. అప్ప చెప్పులు వేసుకుంటోంది, చేతిలో కేరేజీ.

ఫోన్ నొక్కి, “అప్పా!” అన్నాను.

అటూ ఇటూ చూసింది. “ఎవుడ్రా?”

“నేను, ఢిల్లేసుని. బయటికెల్లకు.”

“ఎక్కడున్నావు?”

“బండికాడ.”

“బండికాడుంటే ఇంట్లో ఏల అరుస్తన్నావు?”

తినేవాళ్ళంతా చేతులాపి నన్నే చూస్తున్నారు. అప్ప గడప మీద కాలు పెట్టింది.

“నాయన నేడప్పా! సచ్చిపోనాడు! ఎల్లకు, కూకో!”

వీధిలో నేను అంతలా అరిచి ఎరగను. అప్ప ఆగింది. మంచం కిందికి వంగి చూసింది. తలుపు వెనక చూసింది. అంతలో బొమ్మ ఆగిపోయి తెర మీద చక్రం తిరగడం మొదలుపెట్టింది. నొక్కాను. ఊపాను. తిట్టాను. చక్రం తిరుగుతూనే ఉంది.

పొయ్యి మీద నీళ్ళు చల్లి పరిగెత్తాను. రేవు రోడ్డుకు తిరిగే మలుపు దగ్గర నాకు మోకాలు పట్టేసింది. గోడ పట్టుకుని నిలబడ్డాను. మా వీధిలోంచి అప్ప వస్తోంది. రేవు వైపు తిరగలేదు. తిన్నగా బండి వైపే వస్తోంది. చేతిలో కేరేజీ లేదు, చీపురు ఉంది.

“ఒరే ఢిల్లేసూ, బేగి రా! మనింట్లో ఎవుడో దూరినాడు. మడిసి కానరాడు. నీ గొంతుతో నాయన సచ్చిపోనాడని అరుస్తన్నాడు, ఎదవ.”

“మరి రేవుకెల్లవా?”

“ఇంట్లో దొంగుంటే రేవుకేటి? నీకు సెప్పొద్దా?”

బండి దగ్గరకు తెచ్చి కూర్చోబెట్టాను. రొప్పు తగ్గాక కప్పులు కడగడం మొదలుపెట్టింది. నేను కడిగినవి కూడా మళ్ళీ కడిగింది.

“రేపు కూడా నాతో రా అప్పా.”

“నువ్వు సెప్పాలేటి? ఆడు పోయినదాకా ఆ ఇంట్లో ఒంటిగా ఉంతానా?”

సాయంత్రం ధనరాజ్ వచ్చాడు. జరిగింది జయంతి నోట విన్నాడు కాబోలు, మొహం మాడ్చుకుని స్టూలు కోసం వెతికాడు.

“పెద్దత్త బయపడిపోనాదంట గదా. కెమెరా పీకీమంటావా మావా?”

“ఉండనీ,” అన్నాను.