గోడవైపు తిరిగిన బూట్లు

పొద్దున్నే లేచి కోడలు చేసే మొదటి పని పొయ్యిలో బూడిద ఎత్తడం. రెండోది మొగుడి బూట్లు ఆరబెట్టడం. హాల్లో ఇనప పొయ్యి ఇంకా గోరువెచ్చగా ఉండగానే, తలుపు పక్క అరలోంచి ఆ బూట్లు తీసి, లేసులు సడలించి, పాత కాగితాలు ఉండలు చుట్టి లోపలికి కుక్కి, పొయ్యికి కాస్త ఎడంగా పెట్టేది. మరీ దగ్గరగా పెడితే తోలు పగులుతుందని ఆయనే ఒకప్పుడు చెప్పాడు. కాగితం తడి పీల్చుకున్నాక తీసేసి మళ్ళీ పొడి కాగితం కుక్కాలి. మధ్యాహ్నానికి ఆరితే మైనం రాయాలి. సాయంత్రానికి అరలో పెట్టాలి. ఆయన పోయి మూడేళ్ళయింది. బూట్లు మాత్రం రోజూ బయటికెళ్ళి, తెల్లారేసరికి తడిసి వస్తూనే ఉన్నాయి.

అత్తాకోడళ్ళు నడిపే ఆ లాడ్జి కొండ మీద, బస్సు రోడ్డుకి ఒక పూట నడక దూరంలో ఉంది. కింద హాలు, వంటిల్లు. పైన వరసగా పరుపులు, ఎంత ఎండబెట్టినా చెమట వాసన వదలని దుప్పట్లు. కొండెక్కడానికి వచ్చినవాళ్ళెవరైనా గుమ్మంలో బూట్లు విప్పి లాడ్జి చెప్పులు వేసుకోవాల్సిందే. ఆ చెప్పుల్లో సరైన జత దొరికినవాడు పెట్టి పుట్టినవాడు. విప్పిన బూట్లు పెట్టడానికి కూడా అక్కడొక పద్ధతి ఉంది. మర్నాడు బయల్దేరేవాళ్ళు బూటు మొనలు తలుపువైపు పెడతారు. ఉండిపోయేవాళ్ళు గోడవైపు పెడతారు. సాయంత్రం అత్తగారు అర చూసి, తలుపువైపు ఉన్న జతకో పొట్లం చొప్పున రొట్టె, ఉడికించిన గుడ్లు కట్టి పెడుతుంది. ఎవర్నీ నోరు తెరిచి అడగదు.

"ఒక్కొక్కడిదీ ఒక్కో భాష. వాళ్ళు చెప్పేది నాకు అర్థమయ్యేలోపు పిండి పులిసిపోతుంది," అనేది.

ఆమె కొడుకుది కొండెక్కేవాళ్ళకి దారి చూపే పని. వాడి బూట్లు ఏనాడూ గోడవైపు ఉన్న పాపాన పోలేదు. పెళ్ళైన కొత్తలో ఒకసారి కోడలు అలిగి వాటిని గోడవైపు తిప్పేసింది. ఆయన నవ్వి మళ్ళీ తిప్పుకున్నాడు. "ఎప్పుడో ఒకరోజు నేనే గోడవైపు పెడతాలే. ఆ రోజు నువ్వు పొట్లం కట్టుకుని ఎక్కడికి వెళ్తావో వెళ్ళు. ఇల్లూ అమ్మా నా పూచీ," అన్నాడు. ఆమె నమ్మలేదు. కానీ అలక తీరిపోయింది.

తర్వాత పొగమంచు దట్టంగా పట్టిన రోజొకటి వచ్చింది. దారి తప్పినవాళ్ళ కోసం ఆయన వెళ్ళాడు. దారి తప్పినవాళ్ళు వచ్చారు, ఆయన రాలేదు. వెతకడానికి వెళ్ళినవాళ్ళు లోయ అంచు విరిగిన చోటు చూపించగలిగారు గానీ మనిషిని చూపించలేకపోయారు. మర్నాడు పొద్దున బూట్లు అరలో ఉన్నాయి, తడిసి ముద్దై. అత్తగారు వాటిని కోడలి చేతికిచ్చి, "ఆరబెట్టు. మళ్ళీ వెళ్ళాలిగా," అంది.

ఆ మాటతో కోడలి ఏడుపు గొంతులోనే ఆగిపోయింది. రోజూ ఇంటికొచ్చే బూట్లు ఉన్న మనిషి కోసం ఎలా ఏడవాలో ఆమెకి తెలియలేదు.

బూట్ల పని బూట్లు చేసుకుంటూ పోయాయి. మంచులో చిక్కుకున్నవాళ్ళు ముందర పడుతున్న అడుగులు చూసుకుంటూ లాడ్జి చేరేవారు. "మీవాడి వెనకే వచ్చేశాం పెద్దమ్మా," అని లాడ్జి చెప్పుల్లో కాళ్ళు దూర్చేవారు. అత్తగారు వాళ్ళకి సూపు ఇంకో గరిటె ఎక్కువ పోసేది. పొద్దున పొయ్యి చుట్టూ మూగి కూర్చున్నవాళ్ళని కోడలు, "కాస్త జరుగుతారా, మావారి బూట్లు ఆరాలి," అంటే, జరిగి చోటిచ్చేవారు.

కింద ఊళ్ళో కోడలికి ఒక అక్క ఉంది. బట్టలు కుట్టే దుకాణం, పైన ఒక గది, గదికి ఎండ వచ్చే కిటికీ. రమ్మని మూడేళ్ళుగా పిలుస్తోంది. ఆ పిలుపులన్నీ మోసుకొచ్చేది గాడిదలాయన. కంచర గాడిదల మీద పిండీ నూనే కొండెక్కించేది అతనే. మంచు పడి దారి మూసుకుపోయే ముందు అతను చివరిసారి వచ్చాడు. పిండి బస్తాలు వంటింట్లో దించి, వీపు విరుచుకుని, గొంతు తగ్గించాడు.

"చెల్లెమ్మా, మీ అక్క ఈసారి ఖరాఖండిగా చెప్పమంది. నువ్వు రాకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటుందట. గది కూడా వాళ్ళకే ఇచ్చేస్తుందట."

"మంచు కరిగాక వస్తానని చెప్పన్నా."

"పోయినేడూ అదే చెప్పించావు. ఎల్లుండి పొద్దున నేను దిగిపోతాను. నాతో వస్తే వచ్చినట్టు."

కోడలు పిండి బస్తాలు గోడకి జరిపింది. ఆమెకి వెళ్ళాలని ఉంది. కుట్టుమిషను చప్పుడు, కిటికీలో ఎండ, తన పేరు పెట్టి పిలిచే అక్క గొంతు, ఇవన్నీ కావాలని ఉంది. ఉందని తెలిసిన ప్రతిసారీ సిగ్గేసేది కూడా. ఆ ఇంట్లో వెళ్తానని నోటితో అనే అలవాటు ఎవరికీ లేదు. అందుకే కొన్నాళ్ళుగా సాయంత్రం దుప్పట్లు మడతపెట్టాక తన బూట్లని, అరలో అట్టడుగున ఉన్నవాటిని, మెల్లగా తలుపువైపు తిప్పి వెళ్ళేది. పొద్దున చూస్తే గోడవైపు ఉండేవి. పొట్లమూ ఉండేది కాదు. ఆ సాయంత్రమూ తిప్పింది. పొద్దున మళ్ళీ గోడవైపే ఉన్నాయి.

ఇక ఓపిక పట్టలేకపోయింది. నేరుగా వంటింట్లోకి వెళ్ళింది.

"అత్తయ్యా, నా బూట్లు ఎందుకు తిప్పుతున్నారు?"

అత్తగారు పిండి పిసకడం ఆపలేదు. "నేనే తిప్పుతున్నానని ఎవరు చెప్పారు? నా మోకాళ్ళు వంగి ఎన్నాళ్ళైందో తెలుసుగా."

"పొయ్యి ఎగదోసే ఊచతో తిప్పుతున్నారు. బూట్ల మీద మసి అంటుతోంది."

అత్తగారు ఊచ వైపు చూసింది, అదేదో తనని పట్టిచ్చినట్టు. పిండి మీంచి చేతులు తీసి కోడలి ముందు పెట్టింది. వేళ్ళు కణుపుల దగ్గర వాచి వంకర్లు పోయి ఉన్నాయి.

"ఈ చేతులతో కాగితం కుక్కలేనే. లేసు ముడి విప్పలేను. నువ్వెళ్తే వాడి బూట్లు ఎవరు ఆరబెడతారు? తడి బూట్లతో తిరుగుతాడా వాడు?"

"నేనున్నది అందుకేనా?"

"అందుకని నాకు నేను చెప్పుకుంటున్నాను," అంది అత్తగారు. "నువ్వు కూడా వెళ్తే ఇంట్లో వాడి మాటెత్తే మనిషే ఉండదు. నాకు భయమే తల్లీ. ఇంకేముంది చెప్పడానికి?"

మూడేళ్ళలో ఆమె భయమని అనడం కోడలు వినలేదు. దేనికీ భయపడని మనిషనే ఇన్నాళ్ళూ ఆమె మీద లోలోపల కోపంగా ఉంది. ఆ కోపం ఉంటే వెళ్ళడం సులువయ్యేది. ఇప్పుడు అదీ పోయింది. సాయంత్రం మొగుడి బూట్లకి మైనం రాసి, ఎప్పటిలాగే మొనలు తలుపువైపు పెట్టింది. తన బూట్లు తీసి, మసి తుడిచి, తన చేత్తోనే గోడవైపు పెట్టింది. పొయ్యి దగ్గర టీ తాగుతున్న గాడిదలాయన అది చూసి తల దించుకున్నాడు.

తెల్లారింది. బయట మంచు పల్చగా పడుతోంది. బూడిద ఎత్తి, కాగితాలు నలుపుకుంటూ అర దగ్గరికి వెళ్ళిన కోడలు అక్కడే నిలబడిపోయింది.

ఆయన బూట్లు గోడవైపు తిరిగి ఉన్నాయి. చెయ్యి పెట్టి చూసింది. పొడిగా ఉన్నాయి. లేసులు విప్పి లోపలికి దోపి ఉన్నాయి, పని ముగించుకుని ఇంటిపట్టున ఉండేవాడు దోపుకున్నట్టు. అట్టడుగున ఆమె బూట్లు తలుపువైపు చూస్తున్నాయి.

"అత్తయ్యా!"

అత్తగారు గోడ పట్టుకుని వచ్చింది. అరలో రెండు జతలూ చూసింది.

"మీరు తిప్పారా?"

"నేనెందుకు తిప్పుతాను? నిన్న నువ్వు గోడవైపు పెట్టడం చూశాను. చూసి హాయిగా నిద్రపోయాను, నీ దగ్గర దాపరికమెందుకు." వంకర వేళ్ళతో కొడుకు బూట్లు తడిమింది. "పొడిగా ఉన్నాయే. వచ్చేశాడు. ఇంక వెళ్ళడు వాడు."

కోడలి చేతిలో ఉండచుట్టిన కాగితం అలాగే ఉంది. కుక్కడానికి తడి బూట్లు లేవు. అప్పుడొచ్చింది ఏడుపు, మూడేళ్ళ కిందట ఆగిపోయిన చోటి నుంచే. గుమ్మంలో కూలబడి, ఒక్క రోజు క్రితమే మొగుడు పోయినదానిలా గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. ఆయన లేడు. నిజంగానే లేడు. అత్తగారు వంగలేక, నిలబడినచోటే కోడలి తలని తన కడుపుకి ఆనించుకుంది. ఆమె కన్నీళ్ళు కోడలి పాపిట్లో పడ్డాయి. బయట గాడిదల గంటలు మోగుతున్నా గాడిదలాయన తొందరపెట్టలేదు.

ఏడుపు తగ్గాక అత్తగారు వంటింట్లోకి వెళ్ళి పొట్లం కట్టుకొచ్చింది. గుడ్లు రెండెక్కువే వేసింది.

"బయల్దేరు. దారి మూసుకుపోతుంది."

"మీరు ఒక్కరే ఎలా ఉంటారు?"

"గాడిదలాయన పెద్దక్క ఇవాళ సాయంత్రానికి వస్తోంది, చలికాలమంతా ఉండటానికి. దానికి చెవుడు, నా నోటికి సరిగ్గా సరిపోతుంది. రమ్మని కబురంపి చాలా రోజులైంది."

కోడలు తలెత్తి చూసింది. "మరి రోజూ నా బూట్లు..."

"కబురైతే పంపాను. చెయ్యి ఊరుకోలేదు, ఏం చెయ్యను?" అంది అత్తగారు. తర్వాత అర వైపు చూస్తూ, "అయినా ఒక్కదాన్నెందుకవుతాను? వాడున్నాడుగా. వెళ్ళమ్మా," అంది.

కోడలు తన బూట్లు తొడుక్కుంది. ఆయన బూట్లని ఒకసారి చేత్తో తాకింది. గాడిదల వెనక దిగుతూ మొదటి మలుపులో తిరిగి చూస్తే, మంచు మీద తన అడుగులు, గాడిదలాయన అడుగులు, గాడిదల గిట్టల గుర్తులు తప్ప ఇంకే అడుగులూ లేవు. ముందు నడిచే మొగుడి అడుగులు లేని ఆ దారి ఆమెకి చాలా పెద్దదిగా కనిపించింది. అయినా దిగింది.

సాయంత్రానికి అక్క గదికి చేరింది. గుమ్మంలో బూట్లు విప్పి, మొనలు గోడవైపు పెట్టింది. మంచు కరిగి అవి తడిసి ముద్దై ఉన్నాయి.

"అక్కా, పాత కాగితాలేమైనా ఉన్నాయా?" అని అడిగింది.

అక్క తెచ్చిచ్చింది. నేల మీద కూర్చుని ఒక్కో కాగితం నలిపి, ఉండ చుట్టి, లోపలికి కుక్కింది. తన బూట్లు తాను ఆరబెట్టుకోవడం ఆమెకి అదే మొదటిసారి.