బెల్లం తిన్న గోడ

ఏకాంబరం తాపీ మేస్త్రీ. చేతిలో తాపీ, నడకలో తాపీ, మాటలో అంతకన్నా తాపీ. ముప్పయ్యేళ్ళుగా బంగారుపాళ్యం చుట్టుపక్కల ఆయన కట్టని గోడ లేదు, ఆయన మాటకు కట్టుబడని ఇటుక లేదు. అలాంటి మనిషికి ఒక్క కాగితం అడ్డుగోడై నిలిచింది.

ఊళ్ళో సర్కారు కాన్పుల ఆస్పత్రి కడుతున్నారు. పునాది ఏకాంబరమే వేశాడు. పునాది పైకి లేస్తున్న వేళకు పైనుంచి ఉత్తర్వు కిందికి దిగింది. సర్కారు సొమ్ముతో కట్టే పనికి పెద్దమేస్త్రీగా ఉండేవాడు ఐ.టి.ఐ. చదివి ఉండాలి, లేదంటే చిత్తూరులో పెట్టే పనితనం పరీక్ష నెగ్గాలి. రెండూ లేనివాడు కూలీగానే ఉండాలి.

ఆ కాగితం చదివి వినిపించింది అల్లుడు గంగాధరం. ఆ పనిలో ఐ.టి.ఐ. సర్టిఫికెట్టు ఉన్నది అతనొక్కడికే. అంటే మామ ఓడితే అల్లుడు మేస్త్రీ అవుతాడు, మామ అల్లుడికి ఇటుకలు మోస్తాడు. కట్టడం తెలిసినవాడికి ఈ కట్టడి ఏమిటని ఏకాంబరానికి రెండు రోజులు ముద్ద దిగలేదు. గంగాధరానికి మూడు రోజులు దిగలేదు.

"నువ్వు ఇటికెలు మోస్తా ఉంటే నేను పైన నిలబడి పని చెప్పేదా మామా? ఆ బతుకు నాకొద్దు. నువ్వు ఎట్లయినా పరీక్ష నెగ్గల్ల" అన్నాడు.

ఏకాంబరం భార్య మునిరత్నమ్మ ఊరుకుంటుందా? పరీక్ష నెగ్గితే అలిపిరి నుంచి మెట్లెక్కి కొండకొచ్చి గుండు కొట్టిస్తానని మొక్కుకుంది. మొక్కు ఆమెది, జుట్టు ఆయనది. అది చాలదన్నట్టు పరీక్షనాడు ఒక బెల్లం అచ్చును అరిటాకులో చుట్టి సంచిలో పెట్టి, దారిలో కాణిపాకం పోయి వినాయకుడికి సమర్పించి పొమ్మంది.

బస్సు టైరు పేలి టైమును మింగేసింది. ఇక కాణిపాకం పోతే పరీక్ష పోతుంది. బస్సులోంచే దండం పెట్టి, వచ్చేటప్పుడు ఇస్తాలే సామీ అనుకుని ఏకాంబరం నేరుగా చిత్తూరు చేరాడు.

పరీక్ష జరిగే ఆవరణలో పన్నెండుమంది మేస్త్రీలు. ఒక్కొక్కరికీ ఇటుకలు, ఇసుక, సున్నం, ఒక నీళ్ళ పీపా, గోడ నిలువు చూసేందుకు దారానికి వేలాడే తూకంగుండు. ఇంజనీరు దేవరాజులు నియమాలు చెప్పాడు. మూడు గంటల్లో ఆరు వరసల గోడ లేవాలి. నిలువు, మట్టం, ఇటుకల కూర్పు, గట్టిదనం, వేగం, ఒక్కోదానికి ఇరవై మార్కులు. మొత్తం అరవై వస్తే నెగ్గినట్టు. మొదటి మూడూ, వేగమూ ఈరోజే చూస్తారు. గట్టిదనం మాత్రం పదో రోజున గోడలు పడగొట్టేటప్పుడు చూస్తారు, ఆ ఇటుకలే మళ్ళీ వచ్చే జట్టుకి కావాలి కనుక.

చేతిలోని గుండు చూడగానే ఏకాంబరానికి మొక్కులోని గుండు గుర్తొచ్చి గుండెలో గుబులు పుట్టింది.

గంట కొట్టగానే పదకొండుమంది గోడమీదికి దూకినట్టు పనిలోకి దూకారు. ఏకాంబరం మాత్రం ఇటుకల్ని ఒక్కొక్కటిగా పీపాలో ముంచుతూ కూర్చున్నాడు. ఎండు ఇటుక సున్నంలోని తడినంతా తాగేస్తుంది, ముందే దాని దాహం తీర్చాలి. పక్కవాళ్ళు రెండో వరసలో ఉన్నారు. ఈయన ఇటుకలు ఇంకా బుడగలు వదులుతున్నాయి.

తర్వాత సున్నం చూశాడు. వేళ్ళ మధ్య నలిపితే పిండిలా రాలింది, జిగి లేదు. బెల్లం నీళ్ళు పొయ్యనిది సున్నమే కాదని ఆయన నాయన చెప్పేవాడు. ముప్పయ్యేళ్ళ అలవాటు తలను అడక్కుండానే చేతిని సంచిలోకి పంపింది. అచ్చు చితికింది, బకెట్లో కరిగింది, సున్నంలో కలిసింది. కలిశాక గాని అది ఎవరి బెల్లమో గుర్తు రాలేదు. చెయ్యి తిరిగిన మేస్త్రీకి తల తిరిగింది.

గంట మళ్ళీ కొట్టేసరికి అందరివీ ఆరు వరసలు, ఆయనది ఐదు. విఘ్నాలు తీర్చే దేవుడి బెల్లాన్ని గోడకు తినిపిస్తే విఘ్నం కాక ఇంకేం వస్తుంది? సున్నంలో పుట్టి పెరిగినవాడికి సున్నాయే రాసిపెట్టి ఉందనుకుని ఇల్లు చేరాడు. బెల్లం ఇచ్చినావా అని మునిరత్నమ్మ అడిగితే, ఇచ్చినాలే అన్నాడు. ఎవరికన్నది చెప్పలేదు.

మర్నాటినుంచి ఆస్పత్రి పనిలో ఎవరూ చెప్పకుండానే తుండుగుడ్డ చుట్టి నెత్తిన పెట్టుకుని నాలుగేసి ఇటుకలు మొయ్యడం మొదలుపెట్టాడు. అలవాటు తప్పింది కదా, ముందే మెడ సిద్ధం చేసుకుంటే మంచిదని. గంగాధరం చూడలేక అటు తిరిగి నిలబడేవాడు.

పదో రోజున కబురొచ్చింది. మామా అల్లుళ్ళిద్దరూ చిత్తూరు పోయారు. ఆవరణలో పదకొండు గోడలు ఇటుకల కుప్పలై ఉన్నాయి. పన్నెండోది నిలబడి ఉంది. దానిమీద చీమలు బారులు తీరి పోతున్నాయి.

"ఏమప్పా, ఈ గోడకి ఏం పెట్టినావు?" అన్నాడు దేవరాజులు. "కడమవన్నీ తోస్తే పోయినాయి. దీనికి గడ్డపార తెచ్చినాము. గోడ వంగలేదు, తవ్వినోడి నడుము వంగింది. చీమలు పట్టిన గోడను నా సర్వీసులో చూసింది లేదు."

ఏకాంబరం చేతులు కట్టుకున్నాడు. "తప్పయిపోయింది సార్. బెల్లం కలిపినాను. మా నాయన అట్లే చేసేటోడు. చెయ్యి దానంతటదే పోయింది."

దేవరాజులు కాగితం తీసి చదివాడు. గోడ పూర్తి చెయ్యలేదు గనుక వేగానికి సున్నా. మిగతా నాలుగూ కలిపి డెబ్బై నాలుగు.

ఏకాంబరానికి లెక్క అందలేదు. నెగ్గినావు మామా అని గంగాధరం చెవిలో చెప్పాక అందింది. ఇటుకల కుప్పమీద కూలబడిపోయాడు. పది రోజులుగా లోపల బిగబట్టినదంతా, నానేసిన ఇటుకలోంచి బుడగలు వచ్చినట్టు, పెద్ద నిట్టూర్పుగా బయటికొచ్చింది.

కాసేపటికి లేచి నిలబడ్డాడు. "సార్, ఇంకొక్క వరస కట్టి పోతాను. ఐదుతో ఇడిసిపెట్టి పోతే నాకు అన్నం సయించదు."

ఎలాగూ పడని గోడ, కానిమ్మన్నాడు దేవరాజులు. గంగాధరం చొక్కా చేతులు మడిచి ఇటుకలు తడిపి అందించాడు. మామ తాపీగా పేర్చాడు. ఇటు గోడ వరసా నిండింది, అటు మామా అల్లుళ్ళ వరసా నిలిచింది.

తిరుగుదారిలో కాణిపాకంలో దిగి రెండు అచ్చులు సమర్పించారు.

ఆ వారమే మొగుడూ పెళ్ళాం కొండకు పోయారు. మొక్కు తీరి మెట్లు దిగుతుండగా ఏకాంబరం ధైర్యం చేసి బెల్లం సంగతి భార్యకు చెప్పేశాడు. మునిరత్నమ్మ ఒక మెట్టు మీద ఆగి, ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"గోడకు పోసినా అది సామికి ముట్టినట్టే ఉండాది. లేకపోతే నీ నెత్తిన జుట్టు ఇంకా ఉండునే" అని ముందుకు సాగింది.

ఏకాంబరం చల్లగాలికి గుండు తడిమి చూసుకున్నాడు. మట్టం సరిగ్గానే ఉంది.