ఒనెజిమ్ పిస్తోలు బిగించిన మధ్యాహ్నం

మూడేళ్లు సరస్సు అడుగున పడి ఉన్న పిస్తోలును ఎర్మీన్ మూడు రోజులు కిరోసిన్‌లో నానబెట్టింది. ఆ ఏడు వానల్లేక నీళ్లు ఎన్నడూ లేనంతగా వెనక్కి పోయాయి. బాతుల వేటకు వచ్చినవాడొకడు వాగు కలిసేచోట బురదలో పిడి కనిపిస్తే తవ్వి తెచ్చి ఆమె చేతికిచ్చాడు. పిడి చెక్క మీద ఆమె భర్త ఒనెజిమ్ చాకుతో చెక్కుకున్న రెండక్షరాలు ఇంకా చెరిగిపోలేదు.

ఒనెజిమ్ ఉచ్చులు వేసి బీవర్లను పట్టి తోళ్లు అమ్మేవాడు. ఉచ్చులో కొట్టుకుంటున్న జీవాన్ని ఎక్కువసేపు బాధపెట్టకుండా ముగించడానికి ఆ చిన్న పిస్తోలు ఎప్పుడూ నడుముకే ఉండేది. మూడేళ్ల కిందట డిసెంబరులో, తమ్ముడు ఆల్ఫేతో కలిసి ఉచ్చులు చూడబోయి, గడ్డకట్టిన సరస్సు మీది మంచు విరిగి నీళ్లలో పడి చనిపోయాడు. శవం రెండో రోజుకు దొరికింది. "నేను అవతలి గట్టున ఉన్నాను. ఏ చప్పుడూ వినలేదు" అని ఆల్ఫే అందరికీ చెప్పాడు. ఎర్మీన్ కూడా నమ్మింది.

పిడిలోంచి తూటాల పెట్టె లాగి చూసేదాకా నమ్మింది. ఒనెజిమ్ ఇంట్లోంచి కదిలే ముందు పది తూటాలూ నింపుకోకుండా ఏనాడూ గుమ్మం దాటలేదు. బురద తుడిచి చూస్తే లోపల ఏడే ఉన్నాయి.

శనివారం మధ్యాహ్నం ఆల్ఫేకి ఫోను చేసింది. "మీ అన్నయ్య పిస్తోలు విప్పి తుడిచాను. బిగించడం కుదరట్లేదు, ఒకసారి రా" అంది. ఆమెకు చేతకాక కాదు. పాతికేళ్లు ఒనెజిమ్ పక్కన కూర్చుని ఆ పని చేసిన మనిషి.

ఆల్ఫే బూట్ల మంచు దులుపుకుంటూ వచ్చాడు. పొయ్యి మీద గోధుమరంగు ప్లోయ్ అట్లు పొంగుతున్నాయి.

"వదినా, పని చెప్పడానికి ముందు తిండి పెట్టే అలవాటు మానలేదన్నమాట!"

"నీకు తిండి పెట్టందే చెయ్యి లేవదుగా. కూర్చో."

బల్ల మీద పరిచిన పాత వార్తాపత్రికపై ముక్కలు చూడగానే అతని నవ్వు ఆగిపోయింది. అయినా కూర్చున్నాడు. గొట్టాన్ని పిడి మీదకు జరిపాడు. బోల్టు తోసి, వెనక పిన్ను గుచ్చాడు. ఇక చివరి మెలిక మిగిలింది. లోపలి సుత్తికి వేలాడే సన్నటి కడ్డీ సరిగ్గా స్ప్రింగు గూట్లో పడాలి. పడకపోతే అంతా బిగుసుకుపోతుంది.

సుత్తి ముందుకు పడాలని ట్రిగ్గరు నొక్కాడు. టక్.

బయట సరస్సు మీద మంచు ఎక్కడో పగిలి, దూరపు తుపాకీలా మోగింది.

బోల్టు లాగితే రాలేదు. మళ్లీ విప్పి మళ్లీ బిగించాడు. టక్. సరస్సు మళ్లీ మోగింది, ఈసారి దగ్గరగా. బోల్టు మళ్లీ బిగుసుకుంది.

"ఇది నాకు లొంగేలా లేదు" అని ఆల్ఫే పిస్తోలును కాగితం మీద పెట్టేసి చేతులు ఒళ్లోకి తీసుకున్నాడు.

బల్ల మీద ఎవరూ ముట్టని పిస్తోలు టక్‌మంది.

ఇద్దరూ చూశారు. మూడోసారి సరస్సు మోగిన చప్పుడుకు కిటికీ అద్దం వణికింది.

"మంచు బిగుస్తున్నప్పుడు అలాగే అరుస్తుంది" అంది ఎర్మీన్.

"మంచు కాదు వదినా."

"పెట్టెలో ఏడే ఉన్నాయి, ఆల్ఫే. ఆ రోజు ఉచ్చుల్లో ఒక్క జీవం పడలేదని నువ్వే చెప్పావు. మరి మూడు దేన్ని కాల్చాడు? వరసగా మూడు పేలిస్తే సాయానికి పిలుపని నీకు తెలీదా?"

ఆల్ఫే కాగితం మీది అక్షరాలు చూస్తూ చెప్పాడు.

"మొదటిది విన్నాను. నాలుగడుగులు వేశాను. కాళ్ల కింద మంచు ఊగింది. అక్కడే బోర్లా పడుకున్నా. రెండోది విన్నాను. మూడోదాని తర్వాత నా పేరు పెట్టి పిలిచాడు వదినా. తిట్టలేదు. పిలిచాడంతే. నేను చెవులు మూసుకున్నాను."

పెనం మీద అట్టు మాడి పొగ లేచింది. ఎర్మీన్ లేచి పొయ్యి ఆర్పి వచ్చింది. పిస్తోలు అందుకుని పిన్ను లాగి వదులు చేసింది. మూతి పైకెత్తి, కడ్డీ తనంతట తాను జారి గూట్లో పడేదాకా ఆగి మూసింది. బోల్టు వెన్నలా కదిలింది.

"ఎవరికైనా చెబుతావా?" అన్నాడు ఆల్ఫే.

"భయపడ్డావని చెప్పనా? ఆ మంచు మీద నేనైనా భయపడేదాన్నే. మూడేళ్లు నా ఎదురుగా కూర్చుని నా చేతి తిండి తింటూ అబద్ధమాడావు చూడు, అదే మింగుడు పడట్లేదు. వెళ్లు. ఇక ఈ గుమ్మం తొక్కకు."

మంచు కరగకముందే ఆల్ఫే ఇల్లమ్ముకుని, సరస్సు లేని ఊళ్లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. శీతాకాలంలో చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంటాడని ఆ పిల్ల ఒకసారి ఉత్తరం రాసింది. ఎర్మీన్ జవాబు రాయలేదు.

ఒనెజిమ్ ఉచ్చుల దారి ఇప్పుడు ఆమే చూసుకుంటోంది. పిస్తోలు బాగానే పనిచేస్తుంది. ఎంత ఆరబెట్టి దాచినా, తుడవడానికి విప్పిన ప్రతిసారీ గొట్టంలోంచి రెండు మూడు చుక్కల చల్లటి నీళ్లు కాగితం మీద పడతాయి. ఆమె గుడ్డతో అద్దుతుంది. "ఉండు, అయిపోయింది" అంటుంది మెల్లగా, నూనె పూసి మళ్లీ బిగిస్తుంది.