దారి ఎక్కడ పెట్టాలి

2012లో పాల్మాకుల పక్కగా కొత్త రోడ్డు వేస్తున్నారు. ఊరివాళ్లు దాటడానికి రోడ్డు కింద ఒక్క దారికే వీలుంది. బడి దగ్గర పెట్టాలా, పొలాల దగ్గరా? ఎక్కడ పెడితే ఎవరి బతుకు ఎలా మారుతుందో చూసి చెప్పే పని అధికారులు ప్రియదర్శినికీ, ఆమె స్నేహితురాలు కుబ్రాకీ అప్పగించారు.

గుంటూరు నుంచి వచ్చిన ప్రియదర్శిని ఆ ఊళ్లోనే అనంతమ్మ ఇంట్లో కిరాయికి ఉండేది. జ్వరమొస్తే అనంతమ్మే దవాఖానకు తీసుకెళ్లి, పక్కనే కూర్చుంది. ఆ అనంతమ్మ పొలం రోడ్డుకు అవతల పడింది.

"పొలాల దగ్గరే మంచిదనిపిస్తోంది" అంది ప్రియదర్శిని.

కుబ్రా నవ్వింది. "నీకామె మీద పాయిరం, అంత ప్రేమ. అందుకే ఏమేం చూడాల్నో ముందుగాల అనుకుందాం. ఎవరు దాటుతరు, ఎందుకు దాటుతరు, దూరమైతే ఎవరికేం నష్టం? ఏం తేలితే ఏ జాగ అనాల్నో గూడ ఇప్పుడే రాసుకుందాం."

"నష్టపోయేవాళ్లకు ఏం చెయ్యాలో కూడా రాద్దాం" అంది ప్రియదర్శిని.

ఇద్దరూ పొద్దున, సాయంత్రం రోడ్డు పక్కన నిలబడ్డారు. ఇల్లిల్లూ తిరిగారు. రోడ్డు పని లారీల మధ్య నుంచి చెల్లెళ్ల చేతులు పట్టుకుని పరుగెత్తే పిల్లల్ని చూశాక అనుమానం మిగల్లేదు. బడి దగ్గరే.

ఆ మాట తనే చెప్పాలని ప్రియదర్శిని అనంతమ్మ దగ్గర కూర్చుంది. చెప్పగానే, బియ్యం చెరుగుతున్న అనంతమ్మ చేతులు ఆగిపోయాయి.

"నా ఇంట్ల ఉండుకుంట నాకే గిట్ల జేస్తివా బిడ్డా?"

"పిల్లలకు అన్యాయం చెయ్యలేనవ్వా. ఆ దారి నుంచి పొలాలకు బండ్లబాట కూడా వెయ్యాలని రాశాం. రెండూ కలిపే చెయ్యాలన్నాం."

అనంతమ్మ లేచి లోపలికి పోయింది.

మూడు రోజుల తర్వాత ఊరి సభలో అధికారి హరిప్రసాద్ నివేదిక చదివాడు. "దారి బడి దగ్గరే పెడతాం. బాట సంగతి తరువాత చూద్దాం" అన్నాడు.

వెనక నుంచి అనంతమ్మ లేచింది. "తర్వాతేంది సారూ? మా పిల్ల రెండూ కలిపి రాసింది. సగమే చేస్తనంటే ఎట్ల?"

జనం అవునన్నారు. హరిప్రసాద్ కాగితం మళ్లీ చదువుకుని, రెండు పనులూ ఒకేసారి మొదలుపెడతామని అందరి ముందూ ఒప్పుకున్నాడు.

'మా పిల్ల' అన్న మాట దగ్గరే ప్రియదర్శిని కళ్లు నిండాయి. అనంతమ్మ వచ్చి పక్కన కూర్చుని, కొంగుతో ఆమె మొహం తుడిచి, చెయ్యి పట్టుకుంది.

"కోపం పోలేదు బిడ్డా. జర టైమ్ పడ్తది" అంది, చెయ్యి మాత్రం వదల్లేదు.