చుక్కల పేక, తిట్ల పుస్తకం

ద్వాలికి మూడేళ్ళప్పుడు తట్టు పోసి కళ్ళు పోయాయి. నోరు మాత్రం పోలేదు. అదీ పోతే బాగుండేదని మేనమామ ధన్‌సింగ్ అప్పుడప్పుడు అనేవాడు, పిల్లకు వినపడేలాగే.

1987 ఎండాకాలం సెలవులకు ఆ పిల్ల చూపులేని పిల్లల బడి హాస్టల్ నుంచి తండాకు వచ్చింది. అప్పటికి దానికి తొమ్మిదేళ్ళు. పాల్వంచ దాటి అడవి మొదలయ్యే చోట వాళ్ళ తండా. తండ్రి కిషన్‌లాల్‌కు థర్మల్ కరెంటు కేంద్రంలో షిఫ్టు డ్యూటీ. బడి హెడ్మాస్టర్ రాందాస్ సార్‌కు కూడా చూపు లేదు. పిల్లను అప్పజెబుతూ ఆయన గట్టిగా చెప్పి పంపాడు.

"ఇంటికి తీస్కపోయి మూలకు కూసోవెట్టకు. ఆడుకునేటియి కొనియ్యి. దినాం చదివియ్యి. లేకుంటే వేళ్ళు అక్షరాలు మర్చిపోతయి."

చదవడానికి బ్రెయిలీ పుస్తకం ఒకటి సారే ఇచ్చాడు. ఆటబొమ్మల కోసం కిషన్‌లాల్ ఆఫ్ రోజు చూసుకుని పిల్లను ఖమ్మం తీసుకెళ్ళాడు. ధన్‌సింగ్ ఎవరూ పిలవకుండానే బయలుదేరాడు. ఆర్టీసీలో కండక్టర్ కాబట్టి లోకంలో తనకు తెలియంది లేదని అతని నమ్మకం.

బొమ్మల దుకాణం షావుకారు పిల్ల మొహం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "పాపకు కనపడదు గదా. మంచి రంగులది దండగ. ఏదో ఒకటి తీస్కపోండి."

"కనపడదు. ఇనపడతది," అంది ద్వాలి.

షావుకారు కంగారుపడి దుకాణంలో సగం తెచ్చి బల్ల మీద పోశాడు. ద్వాలి ఒక్కోదాన్ని తడిమింది, ఊపింది, వాసన చూసింది, అనుమానం వచ్చినదాన్ని కొరికింది. కొరికినప్పుడల్లా షావుకారు ప్రాణం గిలగిలలాడింది.

"గీ బొమ్మను చూడు బిడ్డా, పండవెడితే కండ్లు మూస్తది, లేపితే తెరుస్తది."

"తెరిచి ఏం చేస్తది?"

షావుకారు ఆ బొమ్మను పక్కన పెట్టాడు. ప్లాస్టిక్ జంతువుల సంచి విప్పాడు. ద్వాలి ఒక చేత్తో ఒకటి, ఇంకో చేత్తో ఇంకొకటి తీసింది.

"గిదేంది మామా?"

"ఏనుగు."

"గిది?"

"ఎలుక."

పిల్ల రెండింటినీ అరచేతుల్లో తూచింది. "రెండూ ఒక్కతీరే ఉన్నయి. ఏనుగు ఎలుకంత ఉంటదా?"

ధన్‌సింగ్‌కు తెలియదని ఒప్పుకునే అలవాటు లేదు. "చిన్న ఏనుగులు గట్లనే ఉంటయి," అన్నాడు.

"అయితే నీ బస్సుల ఎక్కుతయా? హాఫ్ టికెట్ కొడతవా?"

షావుకారు ఫక్కున నవ్వి, ధన్‌సింగ్ మొహం చూసి ఆపుకున్నాడు. ఈలోగా ద్వాలి చెయ్యి బల్ల చివరకు పాకి ఒక చిన్న పెట్టె మీద ఆగింది. మూత తీసి లోపలి ముక్కలను బొటనవేలితో సర్రున లాగింది. ఆ చప్పుడుకు దాని మొహం వెలిగిపోయింది.

"బాపూ, గిది కావాలె."

"పేకముక్కలా! ఆడపిల్లకు పేకముక్కలేందే!"

"అవ్వ ఆడపిల్ల గాదా?"

అవ్వ అంటే కిషన్‌లాల్ తల్లి సోమ్లి. మూడు ముక్కలాటలో తండా మొత్తంలో ఆమెను కొట్టినవాడు లేడు.

"మీరందరు ఆడుతరు," అంది ద్వాలి, ఈసారి ఎకసెక్కం లేకుండా. "నేను ముక్కలు కిందవడే సప్పుడు ఇనుకుంట కూసుంట."

కిషన్‌లాల్ పేక కొన్నాడు.

ఇంటికొచ్చి తండ్రి ఒక్కో ముక్క పేరు చెబుతుంటే, ద్వాలి బడి నుంచి తెచ్చుకున్న బ్రెయిలీ పలకలో దాన్ని బిగించి మొనపుల్లతో మూలన చుక్కలు పొడిచింది. మరునాడే వేపచెట్టు నీడలో ఆట మొదలైంది. అవ్వ, మామ, ద్వాలి. పందెం చింతగింజలు. తనే పంచుతానని ద్వాలి పట్టుబట్టింది. చూపులేని పిల్ల ముచ్చట ఎందుకు కాదనాలని అందరూ సరేనన్నారు.

పొద్దు వాలేసరికి ధన్‌సింగ్ చింతగింజల కుప్ప కరిగిపోయింది. అతనికి మంచి ముక్కలు పడితే ద్వాలి ముక్కలు కింద పడేసి తప్పుకునేది. చెత్త ముక్కలు పడితే పిడికెడు గింజలు ముందుకు తోసేది. అతను ముక్క తిప్పి వెనక వైపు వేలితో తడిమి చూశాడు. చుక్కలు అక్కడా తగిలాయి.

"ఓ దొంగదానా! పంచుకుంటనే మా ముక్కలు చదువుతున్నవ్!"

"అవ్," అంది ద్వాలి. "నువ్వు పొద్దటిసంది నా ముక్కలల్లకు తొంగి చూస్తలేవా? నీ జర్దా వాసన నా ముక్కు కిందనే ఉన్నది."

సోమ్లి పడీపడీ నవ్వి, దగ్గు వచ్చి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తరువాత మనవరాలి పక్కకు జరిగి చెవిలో అడిగింది. "గా సుక్కలు నాకు గూడ నేర్పుతవానే?"

ఆమె వేళ్ళు అడవిలో బీడీ ఆకు కోసి కోసి కాయలు కాచాయి. వాటికి చుక్కలు తగల్లేదు. నాలుగు రోజులు పట్టుబట్టి, విసుగొచ్చి, "నాకొద్దు, నువ్వే చదువు, నేను ఇంట," అని మంచం మీద వాలింది.

ద్వాలి సార్ ఇచ్చిన పుస్తకం తెచ్చింది. అందులో ఒక గుడ్డి పిల్ల. దానికి కోపం రాదు, ఆకలి వెయ్యదు. ఎవరేమన్నా చేతులు జోడిస్తుంది. పొద్దంతా భజనలు పాడుతుంది. చివరికి దేవుడు ప్రత్యక్షమై కళ్ళిస్తాడు.

"అది పిల్లనా, పిడకనా?" అంది సోమ్లి. "ఒక్క తిట్టు గూడ రాదా దానికి?"

"బడిల అన్నీ గిసొంటియే అవ్వా."

"అయితే నేను చెప్త, రాస్కో."

పడుచుతనంలో ఇప్పపువ్వు ఏరబోయి ఎలుగుబంటికి ఎదురుపడిన సంగతి చెప్పింది సోమ్లి. పరుగెత్తడానికి కాళ్ళు రాలేదట. అందుకని తిట్టిందట. ఎలుగును, దాని తాతను, ముత్తాతను, దానికి పిల్లనిచ్చిన అత్తగారిని కూడా, లంబాడీలో సగం, తెలుగులో సగం. ఎలుగు కాసేపు నిలబడి విని, సిగ్గుపడ్డట్టు తల తిప్పుకుని పోయిందట.

కాగితాలకు పాత కేలండర్లు దించారు. ద్వాలి రోజూ కొంత పొడిచింది. అటు తిప్పి చూస్తే రాములవారి మొహం నిండా చుక్కలే.

"దేవునికి గూడ తట్టు వోసింది," అంది సోమ్లి.

"పోయనియ్యి. ఆయనకు తెలుస్తది," అంది ద్వాలి, పొడుస్తూనే.

ఆ కట్టను దారంతో కుట్టి పెట్టెలో పెట్టుకుని, బడి తెరవగానే వెళ్ళిపోయింది. బ్రెయిలీ రాని కిషన్‌లాల్, తల్లి ఏం చెప్పిందో పిల్ల ఏం రాసిందో పట్టించుకోలేదు. వానలు పడ్డాక రాందాస్ సార్ దగ్గర నుంచి కబురొచ్చింది, వెంటనే రమ్మని. అప్పుడు ఆ కట్టలో ఏముందోనని దారి పొడవునా అతనికి ఒకటే ఆలోచన.

సార్ బల్ల మీద కేలండర్ కట్ట ఉంది.

"గిది మీ అమ్మ చెప్పిందట గదా. గీ తిట్లు నేను పుట్టి బుద్ధెరిగి ఇన్లె."

"తప్పయింది సార్. చింపేస్త."

"చింపుడెందుకు? జర చెయ్యి వెట్టి చూడు."

సార్ అతని వేళ్ళను పట్టుకుని మొదటి పేజీ మీద పెట్టాడు. చుక్కలు గరుగ్గా తగిలాయి. తరువాత మధ్య పేజీ మీద పెట్టాడు. కాగితం నున్నగా ఉంది.

"హాస్టల్ పోరగాండ్లంత గీ పేజీనే చదివిండ్రు. వేళ్ళతో రుద్ది రుద్ది అరగ్గొట్టిండ్రు. నా వంతు వచ్చేసరికి చుక్క మిగల్లె." సార్ కొంచెం ముందుకు వంగాడు. "ఎలుగు అత్తను ఏమన్నదయ్యా మీ అమ్మ?"

కిషన్‌లాల్ తలుపు వైపు చూశాడు. గొంతు తగ్గించి, చిన్నప్పటి నుంచి విన్నది కాబట్టి గుర్తున్నంతవరకు చెప్పాడు. సార్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు గానీ భుజాలు ఊగుతూనే ఉన్నాయి.

కిటికీ అవతల పిల్లలు కిసుక్కున నవ్వారు. వాళ్ళలోంచి ద్వాలి గొంతు లేచింది.

"గట్ల గాదు బాపూ! మొదలు దాని ముక్కు సంగతి చెప్పాలె, గప్పుడు మీసాలు!"